దగ్గర్లో ఏఏ మీటింగ్ పట్టుకోవడం ఎలా

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సంఘాల్లో మన దేశంలో బాగా విస్తరించింది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అనే అంటారు. 1935లో అమెరికాలోని అక్రన్‌లో ఒక స్టాక్‌బ్రోకరూ ఒక సర్జనూ మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుకు బానిసలైనవాళ్లే. 1957లో బొంబాయికి వచ్చింది. హైదరాబాద్, సికింద్రాబాద్, విశాఖపట్నం లాంటి పెద్ద ఊళ్లలో గ్రూపులున్నాయి.

ఫీజు లేదు, ఫారం లేదు, హాజరుపట్టీ లేదు, ఇంటిపేరు అడగరు. వచ్చేవాడికి ఇవన్నీ మేలే. వెతికేవాడికే తిప్పలు. వీధిలో ఆఫీసు ఉండదు, పత్రికలో ప్రకటన రాదు. ఏ స్కూలు గదిలోనో చర్చి వెనక హాల్లోనో గంట, గంటన్నర కూర్చుని, కుర్చీలు సర్దేసి వెళ్లిపోతారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా అదేం మీటింగో తెలియకపోవచ్చు. గది దొరక్క చోటు మారినా, జాబితాలో పాత చోటే ఉండిపోతుంది. కాబట్టి వెతకాల్సింది చిరునామాని కాదు, ఫోన్ ఎత్తి "ఇవాళ సాయంత్రం ఉంది, రండి" అని చెప్పే మనిషిని. కింద చెప్పేదంతా ఆ మనిషిని చేరుకునే దారి గురించే.

ముందు ఒంటి సంగతి

రోజూ తాగే మనిషి, పొద్దున్నే చేతులు వణికి ఒక పెగ్గు పడితేగానీ కుదుటపడని మనిషి, మీటింగ్‌కి వెళ్తున్నాను కదా అని ఉన్నపళంగా ఆపేయకూడదు. ఏఏ వైద్యం చెయ్యదు. అక్కడున్నవాళ్లు డాక్టర్లు కారు, మందులివ్వరు.

ఆఖరుసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేని మనుషులు కనిపిస్తారు, పురుగులు పాకుతున్నట్టుంటుంది, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం కూడా వస్తుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఫిట్స్ వచ్చినా, మనిషి మాటల్లో తేడా వచ్చినా 108కి ఫోన్ చెయ్యాలి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందు ఆస్పత్రి, తర్వాతే మీటింగ్. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. డాక్టర్ కొన్ని రోజులపాటు మాత్రల మోతాదు రోజురోజుకీ తగ్గిస్తూ ఒంటిని దారిలోకి తెస్తారు.

ఇక్కడ మన ఊళ్లలో తరచూ జరిగే పొరపాటొకటుంది. నీరసంగా ఉన్నాడని దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ చాలా తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చైపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. "తాగుడు మానిస్తున్నాం, బీ1 ఇచ్చారా?" అని ఇంట్లోవాళ్లు ఒక్క మాట అడగాలి.

తెలంగాణ జిల్లాల్లో కల్లు దుకాణాల కల్లుకు అలవాటుపడినవాళ్ల సంగతి వేరు. కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. దుకాణం మూతబడగానే జనం వింతగా ప్రవర్తించడం, ఫిట్స్‌తో పడిపోవడం ఆ మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోవడం వల్లే. 2020 లాక్‌డౌన్ మొదట్లో ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం క్యూ కట్టింది కూడా ఇందుకే. ఈ లక్షణాలు సారా, విస్కీ మానినప్పటికంటే ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు ఉండొచ్చు. "కల్లే కదా" అని తేలిగ్గా తీసుకోకుండా, తాగింది కల్లు అనే మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

ఎక్కడ వెతకాలి

గూగుల్‌లో "తాగుడు మానిపించే సెంటర్" అని కొడితే ముందు వచ్చేవి ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల ప్రకటనలు. వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ మీరు వెతికేది అది కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని పూర్తిపేరు, పక్కన మీ ఊరు, పక్కన మీటింగ్ అనే మాట పెట్టి వెతకండి. ఉత్త ఏఏ అని కొడితే బ్యాటరీల దగ్గర్నుంచి ఏవేవో వస్తాయి. స్పాన్సర్డ్ అని రాసి ఉన్న వాటిని దాటెయ్యండి.

నమ్మదగ్గ మొదటి చోటు ఏఏ ఇండియా జనరల్ సర్వీస్ ఆఫీస్. అది ముంబైలో ఉంది, వెబ్‌సైట్ ఉంది. అక్కడి నుంచి మన రాష్ట్రాల గ్రూపులను చూసుకునే స్థానిక ఏఏ కమిటీని చేరుకోవచ్చు. ఊరి పేరు చెప్పి అక్కడి హెల్ప్‌లైన్ నంబర్ అడగడమే పని. ఫోన్ ఎత్తేవాళ్లు ఉద్యోగులు కారు, ఒకప్పుడు తాగి మానేసిన వలంటీర్లు. పగలు వాళ్ల ఉద్యోగాల్లో ఉంటారు. ఎత్తలేదంటే సాయంత్రం ఆరు తర్వాత మళ్లీ చెయ్యండి, లేదా "ఏఏ మీటింగ్ వివరాలు కావాలి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. ఒక్క రింగుకు ఎత్తలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ.

రెండో దారి ప్రభుత్వ నంబర్లు. 14446 కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే మత్తు విముక్తి హెల్ప్‌లైన్, ఉచితం. 14416 టెలీమానస్, 2022లో వచ్చింది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ రెండూ ఏఏకి చెందినవి కావు. దగ్గర్లోని ప్రభుత్వ కేంద్రం ఏదో చెబుతారు, కౌన్సెలర్‌తో మాట్లాడిస్తారు. రాత్రి రెండింటికి తాగాలనిపించి చేతులు పిసుక్కుంటున్నప్పుడు ఏఏ వలంటీర్ నిద్రలో ఉండొచ్చు, 14416 పలుకుతుంది.

మూడోది ఆస్పత్రే. చాలామందికి తట్టనిదీ, అన్నిటికంటే బాగా పనిచేసేదీ ఇదే. మానసిక వైద్య విభాగంలో గానీ కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాల్లో గానీ సైకియాట్రిక్ సోషల్ వర్కరో కౌన్సెలరో ఉంటారు. ఏఏ సభ్యులు ఆస్పత్రులకు వెళ్లి మాట్లాడటం వాళ్ల పద్ధతిలో ఒక భాగం, కాబట్టి గ్రూపు వాళ్ల నంబర్ ఆ కౌన్సెలర్ ఫోన్‌లో ఉండే అవకాశం ఎక్కువ. "ఇక్కడికి ఏఏ వాళ్లు వస్తుంటారా, ఒకరి నంబర్ ఇప్పిస్తారా?" అని అడగండి. డాక్టర్‌ని కాదు, కౌన్సెలర్‌ని. డాక్టర్‌కి ఓపీ రద్దీలో ఊపిరి సలపదు.

మీటింగ్ గైడ్ అనే ఉచిత యాప్ కూడా ఉంది, అమెరికా ఏఏ ఆఫీస్ నడుపుతుంది. ప్రపంచంలో వారానికి లక్షకు పైగా మీటింగులు అందులో కనిపిస్తాయి. అయితే స్థానిక ఏఏ కార్యాలయాలు పంపిన వివరాలే అందులోకి ఎక్కుతాయి. అమెరికాలో అది బాగా నమ్మదగ్గది. మన దగ్గర అందులో కనబడకపోతే మీటింగే లేదనుకోనక్కర్లేదు.

ఎవరిని నమ్మకూడదో కూడా చెప్పుకోవాలి. ఏఏ పేరు చెప్పి డబ్బు అడిగితే అది ఏఏ కాదు. "అడ్రస్ పంపండి, మేమే వచ్చి తీసుకెళ్తాం" అంటే అది ఏదో సెంటర్ ఏజెంట్. బండిలో నలుగురు వచ్చి మనిషిని ఎత్తుకెళ్లడం చట్టవిరుద్ధం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మద్యం దురలవాటు వల్ల వచ్చే సమస్యలూ మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఆ మనిషి తరఫున నామినేట్ అయిన ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్ట్ అయ్యుండాలి, మొదటి విడతలో 30 రోజులు దాటి ఉంచకూడదు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే చాలు, సగం మంది ఫోన్ పెట్టేస్తారు.

ఫోన్‌లో ఏం మాట్లాడాలి

అసలు పేరు చెప్పనక్కర్లేదు. ఎంత తాగుతారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో చెప్పుకోనక్కర్లేదు. "అన్నా, ఏఏ మీటింగ్‌కి కొత్తగా రావాలనుకుంటున్నా" అంటే అవతలి మనిషికి అర్థమైపోతుంది. ఆడవాళ్లు చేస్తుంటే "ఆడవాళ్లెవరైనా మాట్లాడతారా అండీ?" అని మొదటే అడగొచ్చు.

అడగాల్సినవి ఇవి. ఈ వారం ఆ మీటింగ్ నిజంగా జరిగిందా? ఏ రోజు, ఎన్ని గంటలకు? ఏ గేటు, ఎన్నో అంతస్తు? గది బయట బోర్డు పెడతారా? ఏ భాషలో మాట్లాడతారు? ఓపెనా, క్లోజ్‌డా? గేటు దగ్గర ఒకరు కలుస్తారా?

భాష సంగతి ఎందుకంటే, హైదరాబాద్ గ్రూపుల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలగలిసి ఉంటాయి. కొన్నిచోట్ల ఇంగ్లీషే ఎక్కువ. తాగుడు గురించి కడుపులోది చెప్పుకోవాలంటే అమ్మభాషే కావాలి చాలామందికి. తెలుగులో చెబితే అందరూ వింటారు, అర్థంకానివాళ్లు కూడా వింటారు, ఇబ్బందేం లేదు. కానీ మీకు వినబడేది కూడా తెలుగైతేనే మొదటి నెల నిలబడతారు.

గేటు దగ్గర మనిషి సంగతి ఇంకా ముఖ్యం. మొదటిసారి వచ్చేవాళ్లు గేటు దాకా వచ్చి వెనక్కి పోవడం ఏ గ్రూపులోనైనా చూసేదే. చర్చి కాంపౌండ్ చూసి "ఇదేదో మతం మార్చే వ్యవహారం" అనుకుని తిరిగిపోయేవాళ్లూ ఉన్నారు. చర్చి వాళ్లు గది ఇస్తారు, గ్రూపు దానికి అద్దె కడుతుంది, అంతటితో సరి. ఏఏకి ఏ మతంతోనూ, ఏ పార్టీతోనూ, ఏ సంస్థతోనూ పొత్తు ఉండకూడదన్నది వాళ్ల సంప్రదాయాల్లోనే రాసుంది.

జాబితాలోని మాటలు

ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా కూర్చోవచ్చు: భార్య, తమ్ముడు, నర్సింగ్ విద్యార్థి, ఎవరైనా. క్లోజ్‌డ్ అంటే తాగుడు మానాలన్న కోరిక ఉన్నవాళ్లకే. కొత్తవాళ్లు క్లోజ్‌డ్‌కి రాకూడదని కాదు. "నేను ఆల్కహాలిక్‌నో కాదో తెలియదు, మానాలనుంది" అన్నవాళ్లకీ తలుపు తెరిచే ఉంటుంది. సభ్యత్వానికి కావాల్సింది ఆ కోరిక ఒక్కటే. స్పీకర్ మీటింగ్‌లో ఒకరిద్దరు తమ కథ పూర్తిగా చెబుతారు, మీరు వింటే చాలు. మాట్లాడటానికి భయపడేవాళ్లకి ఇదే మంచి మొదలు. డిస్కషన్‌లో ఒక విషయం తీసుకుని తలా కొంచెం మాట్లాడతారు. స్టెప్ మీటింగ్‌లో, తాగుడు మాని నిలబడటానికి ఏఏ పెట్టుకున్న పన్నెండు మెట్లలో ఒకదాన్ని చదువుతారు. మొదటి రోజే అది పడితే కొంచెం క్లాసులా అనిపించవచ్చు. బిగినర్స్ అని ఉంటే అది మీకోసమే.

యాప్‌లో ఇంగ్లీషు పొడి అక్షరాలుంటాయి: ఓ అంటే ఓపెన్, సీ అంటే క్లోజ్‌డ్, బీఈ అంటే కొత్తవాళ్లకు, డబ్ల్యూ అంటే ఆడవాళ్లకు, టీసీ అంటే ఆ చోటు ప్రస్తుతానికి మూతబడింది అని. టీసీ చూడకుండా బస్సెక్కి వెళ్లి తాళం చూసి తిరిగొస్తే ఆ కోపంలో కాళ్లు వైన్‌షాపు వైపు లాగుతాయి.

వెళ్లిన రోజు

పదిహేను నిమిషాలు ముందు వెళ్లండి. ఆలస్యంగా వెళితే అందరూ తల తిప్పి చూస్తారన్న బెరుకుతోనే ఆగిపోతారు. తాగి ఉన్నా రావచ్చా అని చాలామంది అడుగుతారు. గొడవ చెయ్యనంతవరకు కూర్చోనిస్తారు, అయితే మాట్లాడవద్దని, విని వెళ్లమని చెబుతారు. తాగి బండి నడుపుకుంటూ మాత్రం వెళ్లకండి.

చాలాచోట్ల మీటింగ్ ప్రశాంతత కోసం చేసే చిన్న ప్రార్థనతో మొదలవుతుంది. మొదలుపెట్టే మనిషి ఏఏ గురించి నాలుగు వాక్యాలు చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు, ఆ తర్వాత మాట్లాడేవాళ్లు దానికి జవాబు చెప్పరు. మనవాళ్లకి ఇది మొదట వింతగా ఉంటుంది. మన దగ్గర ఎవరైనా బాధ చెప్పుకుంటే పదిమంది పది సలహాలిస్తారు కదా. మీ వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అంటే సరిపోతుంది, ఎవరూ బలవంతపెట్టరు.

టోపీయో సంచో డబ్బాయో తిరుగుతుంది. గది అద్దెకీ టీకీ పుస్తకాలకీ. కొత్తవాళ్లు వెయ్యనక్కర్లేదు, ఏఏతో సంబంధం లేనివాళ్లు వేసినా తీసుకోరు. కొన్ని గ్రూపుల్లో ఇన్ని రోజులు, ఇన్ని నెలలు తాగకుండా ఉన్నారని కాయిన్లు ఇస్తారు.

దేవుడి మాట వస్తుంది. పన్నెండు మెట్లలో ఆ ప్రస్తావన ఉంది, "మేము అర్థం చేసుకున్న రీతిలో" అన్న మాటతో కలిపి. వేంకటేశ్వరస్వామిని తలుచుకునేవాళ్లు, నమాజ్ చేసేవాళ్లు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లు ఒకే గదిలో కూర్చుంటారు. ఆ భాష మీకు అస్సలు పడకపోతే స్మార్ట్ రికవరీ అనే ఇంకో పద్ధతి ఉంది, 1994లో అమెరికాలో మొదలైంది. దేవుడి ప్రస్తావన లేకుండా, ఆలోచనా అలవాట్ల మీద పనిచేస్తుంది. మనకది ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది.

తెలిసినవాళ్లు కనబడతారేమోనన్న భయం అందరికీ ఉంటుంది. కనబడవచ్చు కూడా. వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారో మీకు తెలుసు, మీరెందుకొచ్చారో వాళ్లకి తెలుసు, ఇద్దరికీ మాట దాచుకోవాల్సిన అవసరం ఒకటే. అయినా మనసొప్పకపోతే మీ పేటలో కాకుండా నగరంలో ఇంకో మూల ఉన్న గ్రూపు ఎంచుకోండి. మరీ దూరమైతే రెండో వారం నుంచి వర్షమనీ ట్రాఫిక్ అనీ మానేస్తారు. రాకపోకలు కలిపి గంటన్నర లోపల ఉండేది చూసుకోవడం మేలు.

ఒక్క మీటింగ్ చూసి తేల్చెయ్యకండి. గ్రూపుకీ గ్రూపుకీ బోలెడంత తేడా ఉంటుంది. ఒకచోట అందరూ అరవై దాటినవాళ్లు, ఒకచోట ఐటీ కుర్రాళ్లు, ఒకచోట ఆటో నడిపేవాళ్లు. కనీసం ఐదారు మీటింగులు, రెండు మూడు చోట్ల చూశాక ఒకదాన్ని మీ సొంత గ్రూపుగా పెట్టుకోండి. తర్వాత, మీకంటే ముందు నుంచి తాగకుండా ఉంటూ మెట్లన్నీ ఎక్కిన ఒకరిని స్పాన్సర్‌గా, అంటే దారి చూపే తోడుగా ఉండమని అడగాలి. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు. కొత్తగా మానిన మనిషి బలహీనంగా ఉన్న సమయంలో మనసులు చిక్కుపడకుండా ఉండటానికే ఈ కట్టుబాటు. మొదటి రోజు ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకుని, మర్నాడు పొద్దున్నే ఒకరికి ఫోన్ చెయ్యండి. తీసుకోవడం అందరూ తీసుకుంటారు, చెయ్యరు. అవసరం పడినప్పుడే చేద్దామనుకుంటే, అవసరం పడ్డ క్షణంలో కొత్త మనిషికి ఫోన్ చెయ్యడానికి వేళ్లు రావు.

గ్రూపులో అప్పులు ఇవ్వకండి, తీసుకోకండి. చిట్టీలు, ఎల్‌ఐసీ పాలసీలు, స్థలాల బేరాలు మీటింగ్ గదిలోకి వచ్చాయంటే కొన్ని నెలల్లో సగం మంది ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోతారు.

ఆడవాళ్లు

ఊళ్లో ఉన్న మీటింగ్‌కి వెళితే ఇరవై మంది మగవాళ్ల మధ్య ఒక్కరే ఆడమనిషి అయ్యే అవకాశం ఉంది. కాబట్టి హెల్ప్‌లైన్‌లో మహిళా సభ్యురాలి నంబర్ అడిగి, ఆమెతో కలిసి వెళ్లడం మంచిది. ఆడవాళ్లకే ప్రత్యేకించిన ఆన్‌లైన్ మీటింగులు చాలా ఉన్నాయి, ముందు వాటితో మొదలుపెట్టినా తప్పులేదు. ఆస్పత్రిలో చెప్పిన విషయం బయటికి పొక్కుతుందన్న భయం ఉంటే, ఆ 2017 చట్టమే వైద్య వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది.

ఇంట్లోవాళ్లు వెతుకుతుంటే

ఫోన్లు ఎక్కువగా వచ్చేది తాగే మనిషి నుంచి కాదు, భార్యల నుంచీ అమ్మల నుంచీ. "మా ఆయన్ని తీసుకెళ్లండి" అంటారు. ఏఏ అలా తీసుకెళ్లలేదు, ఆ మనిషి నోటి నుంచే మాట రావాలి. మీరు చెయ్యగలిగినవి మూడున్నాయి. ఓపెన్ మీటింగ్‌కి ముందు మీరే వెళ్లి చూసి రావడం. నంబర్ ఇంట్లో అందుబాటులో పెట్టి, తాగి ఉన్నప్పుడు కాకుండా మర్నాడు పొద్దున తల పట్టుకు కూర్చున్నప్పుడు "ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడతావా" అనడం. మూడోది, మీకోసం అల్-అనాన్ వెతుక్కోవడం. అది తాగేవాళ్ల కుటుంబసభ్యుల సంఘం, 1951లో మొదలైంది. టీనేజీ పిల్లలకైతే అలాటీన్ ఉంది. ఆ మనిషి మానినా మానకపోయినా మీరు వెళ్లవచ్చు.

తెలియకుండా అన్నంలోనో కాఫీలోనో కలిపి పెట్టే పొడులు, మాత్రలు మాత్రం వద్దు. వాటిలో చాలాసార్లు ఉండేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లకి ప్రాణాపాయం. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. డాక్టర్ చూసి, తాగే మనిషికి చెప్పి, ఒప్పించి వాడితే అది మందు. చాటుగా కలిపితే విషం.

ఊళ్లో మీటింగే లేకపోతే

మండల కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో ఇదే మామూలు పరిస్థితి. వారానికోసారి పెద్ద ఊరికి బస్సులో వెళ్లి, మిగతా రోజులు ఆన్‌లైన్ మీటింగులతో నెట్టుకురావచ్చు. ఏఏ ఆన్‌లైన్ ఇంటర్‌గ్రూప్ వెబ్‌సైట్‌లో ప్రపంచమంతటి మీటింగుల జాబితా ఉంటుంది, భాషను బట్టి వెతకొచ్చు. జూమ్‌లో చేరేముందు మీ ఇంటిపేరు, కంపెనీ పేరు కనిపించకుండా పేరు మార్చుకోండి. వీడియో పెట్టనక్కర్లేదు, ఇయర్‌ఫోన్లు మాత్రం ఉండాలి. మీ గోప్యతకంటే ముందు మాట్లాడేవాళ్ల గోప్యత కోసం.

టైములు చూసుకోవాలి. అమెరికా ఈస్టర్న్ టైమ్ రాత్రి 8 అంటే వేసవిలో మనకు మర్నాడు తెల్లవారుజాము 5:30, చలికాలంలో 6:30. పనికెళ్లేముందు దొరికే మీటింగ్ అది, వాడుకున్నవాళ్లకి బంగారం.

ఇద్దరు దొరికితే కొత్త గ్రూపు పెట్టవచ్చు. ఏఏ సంప్రదాయం ప్రకారం తాగుడు మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిస్తే, ఇంకే సంస్థతోనూ ముడిపెట్టకుండా తమను ఏఏ గ్రూపు అనుకోవచ్చు. జనరల్ సర్వీస్ ఆఫీస్‌కి తెలియజేసి కరపత్రాలు, పుస్తకాలు అడగండి, తెలుగులో ఏమేం ఉన్నాయో చెబుతారు. గదికి ముందు సర్కారు బడి హెడ్‌మాస్టర్‌ని, పీహెచ్‌సీ డాక్టర్‌ని అడిగి చూడండి. ఎవరింట్లోనూ పెట్టకండి. ఆ ఇంట్లో గొడవొచ్చిన రోజు మీటింగ్ ఆగిపోతుంది, ఆ ఇంటాయన మళ్లీ తాగితే గ్రూపే పోతుంది. రోజు, టైము మార్చకండి, ఇద్దరే వచ్చినా సరే. సెక్రటరీ పని ఆర్నెల్లకోసారి చేతులు మారాలి, లేకపోతే అది ఒక మనిషి దర్బారు అవుతుంది. స్థానిక నాయకుడు శాలువా కప్పి ఫొటో దిగుతానంటే చేతులు జోడించి వద్దనండి. ఆ ఫొటో పేపర్లో పడ్డ మర్నాటి నుంచి ఎవరూ రారు.

దసరా, సంక్రాంతి, బోనాలు, డిసెంబరు 31, పెళ్లిళ్ల సీజన్ ముందు వారాల్లో ఒక మీటింగ్ ఎక్కువ పెట్టుకోండి. పండక్కి సొంతూరు వెళుతుంటే ఆ జిల్లాలో మీటింగ్ ఉందో లేదో టికెట్ కొనేరోజే కనుక్కోవాలి. బావమరుదులు గ్లాసు చేతికిచ్చాక వెతికితే నెట్‌వర్క్ కూడా ఉండదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు

అమెరికాలో పెద్ద నగరాల్లో అక్కడి గ్రూపులన్నిటికీ కలిపి ఇంటర్‌గ్రూప్ లేదా సెంట్రల్ ఆఫీస్ ఉంటుంది, పొద్దున్నుంచి రాత్రి దాకా మీటింగులు దొరుకుతాయి. అక్కడ సమస్య దొరక్కపోవడం కాదు. అందరూ అమెరికన్లే, సంబంధాలు చూస్తున్న ఇంట్లోవాళ్లకు చెప్పలేని బాధ వీళ్లకేం అర్థమవుతుందన్న సంకోచం. ఒకటి అక్కడి మీటింగ్‌కి వెళుతూ, ఇంకొకటి ఇండియా నుంచి నడిచే ఆన్‌లైన్ మీటింగ్ పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి. ఇక్కడ సాయంత్రం 7 అంటే వేసవిలో ఈస్టర్న్ టైమ్ పొద్దున 9:30, చలికాలంలో 8:30.

తాగి బండి నడిపిన కేసులో కోర్టు మీటింగులకు వెళ్లమంటే, హాజరు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. మీటింగ్ మొదలవకముందే ఆ కాగితం సెక్రటరీకి ఇవ్వండి, చివర్లో సంతకం చేసి ఇస్తారు. కొన్ని గ్రూపులు సంతకాలు పెట్టవు, పెట్టాలన్న నియమం ఏఏలో లేదు. ఆన్‌లైన్ మీటింగ్ హాజరును కోర్టు ఒప్పుకుంటుందా లేదా అన్నది లాయర్‌ని ముందే అడిగి తెలుసుకోండి.